మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య: కాకినాడ ఫుట్‌బాల్ పోటీల్లో సమాచార బల్ల, నా అనుభవం

జూనియర్ ఫుట్‌బాల్ పోటీలకు 16 జట్లు కాకినాడ వచ్చినప్పుడు ఆట నడిపించే కమిటీ వేరు, మాది వేరు. వచ్చినవాళ్ళు ఎక్కడ దిగాలి, ఏం తినాలి, ఖాళీగా ఉన్నప్పుడు ఎటు వెళ్ళాలి అన్నవి మా బృందానికి అప్పగించారు. అందుకోసం మేం ఒక సమాచార బల్ల (హెల్ప్ డెస్క్) పెట్టాం. ఒక్కో జట్టులో 20 మంది ఆటగాళ్ళు, కోచ్, మేనేజరు, ఫిజియో, ఇంకో ఇద్దరు. అంటే 25 మంది చొప్పున 400 మంది. పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులు దీనికి అదనం. గోదావరి డెల్టాలో ఏ ఊళ్ళోనైనా ఇలాంటి పోటీలు పెట్టాలనుకునేవాళ్ళకి ఉపయోగపడతాయని ఈ వివరాలు రాస్తున్నాను.

పంచాంగం చూసి తేదీలు

అక్టోబరు, నవంబరు నెలలు మనకి తుపాన్ల కాలం. 1996 నవంబరు 6న తీరం దాటిన తుపానుకి కోనసీమ కొబ్బరితోటలు ఎలా పడిపోయాయో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. తుపాను రాకపోయినా ఆ రెండు నెలల్లో ఒక్క గట్టి వాన పడితే మైదానం రెండు రోజులు బురదే. డెల్టా నేల నల్లటి బంకమట్టి, నీరు త్వరగా దిగదు.

పోనీ మాఘమాసంలో, జనవరి ఆఖరున పెడదామా అంటే అప్పుడు ముహూర్తాలు. కల్యాణ మండపాలు, లాడ్జీలు, వంట మేస్త్రీలు, షామియానావాళ్ళు, టెంపో ట్రావెలర్లు అన్నీ పెళ్ళివారి చేతిలో ఉంటాయి. జట్లకీ సరిగ్గా అవే కావాలి. మిగిలేది ధనుర్మాసం. డిసెంబరు 16 దాటాక సంక్రాంతి వరకూ పెళ్ళిళ్ళుండవు, మండపాలు ఖాళీగా ఉంటాయి, బేరమూ కుదురుతుంది. ఎండ తీవ్రత తక్కువ, వాన భయం దాదాపు ఉండదు. కానీ జనవరి 10 కల్లా ఊరు ఖాళీ చేసి పంపెయ్యాలి. ఆ తర్వాత హైదరాబాదు నుంచి వచ్చే జనంతో బస్సుల్లో, రైళ్ళలో కాలు పెట్టే చోటుండదు.

ధనుర్మాసానికి రెండు చిక్కులున్నాయి. ఒకటి, అయ్యప్ప దీక్షల కాలం కాబట్టి దక్షిణాది వైపు వెళ్ళే రైళ్ళు ముందే నిండిపోతాయి. రెండోది, తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు పెట్టకూడదని నిబంధన ఉన్నమాట నిజమే. ధనుర్మాసంలో గుడివాళ్ళ దగ్గర ఆ మాటెత్తడం కంటే గుడి పక్కనున్న మండపాన్ని మన జాబితాలోంచి కొట్టెయ్యడం తేలిక. మ్యాచ్ రోజు నాలుగున్నరకే లేచి కూర్చున్న గోల్‌కీపరు మధ్యాహ్నానికి ఎలా ఉంటాడో కోచ్‌లు చెబుతారు.

టైమ్‌టేబులు కూడా వెలుతురు చూసి వెయ్యాల్సిందే. ఫ్లడ్‌లైట్లు లేని మైదానంలో డిసెంబరు ఆఖరున సాయంత్రం అయిదున్నరకి పొద్దు గుంకుతుంది. నాకౌట్ మ్యాచ్‌కి రెండు అర్ధభాగాలు 90 నిమిషాలు, విరామం 15, వృథా సమయానికి 6, అదనపు సమయానికి ముందు 5, అదనపు సమయం 30 నిమిషాలకి ఇంకో 3 కలపాలి, పెనాల్టీలకి 15. మొత్తం 165 నిమిషాల దాకా వస్తుంది. అంటే మధ్యాహ్నం 2:30 కి మొదలుపెడితేనే 5:15 కి తేలుతుంది. మూడింటికి మొదలుపెడితే పెనాల్టీలు చీకట్లోనే. పొద్దున మ్యాచ్ 7:30 కి. అంతకన్నా ముందు పెడితే గడ్డి మీద మంచు ఆరదు, బంతి చేతిలో జారుతుంది.

ఇదంతా మాకెందుకంటే, మా సమాచారమంతా ఈ గడియారం మీదే ఆధారపడింది. నాలుగు గ్రూపులు, గ్రూపుకి నాలుగు జట్లు, లీగ్ దశలో 24 మ్యాచ్‌లు. రెండు మైదానాల్లో రోజుకి నాలుగు. అంటే ఆరు రోజులు, ప్రతి జట్టూ రోజు విడిచి రోజు ఆడుతుంది. ఊళ్ళో ఏ రోజు చూసినా 200 మంది ఖాళీగా ఉంటారు.

దిగాల్సిన స్టేషన్

కాకినాడ హౌరా–చెన్నై ప్రధాన లైను మీద లేదు. ఆ లైను మీదున్నది సామర్లకోట జంక్షన్, కాకినాడకి సుమారు 15 కిలోమీటర్లు. ఒడిశా, బెంగాల్ వైపు నుంచి వచ్చే జట్లలో ఎక్కువ భాగం అక్కడే దిగాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్ కూడా సామర్లకోట మీదుగా పోతుందే తప్ప కాకినాడ రాదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ లాంటివి కాకినాడ దాకా వస్తాయి, కానీ ఇక్కడ కాకినాడ టౌన్, కాకినాడ పోర్ట్ అని రెండు స్టేషన్లు. రైలు పోర్ట్ దాకా పోతుంది కదాని టౌన్‌లో దిగకుండా కూర్చుంటే, వాళ్ళ కోసం వచ్చిన వ్యాను టౌన్ స్టేషన్ బయట, వాళ్ళు పోర్ట్ ప్లాట్‌ఫాం మీద. కాబట్టి మొదటి ఉత్తరంలోనే స్టేషన్ పేరుతోబాటు కోడ్ కూడా రాయాలి: టౌన్ అయితే సీసీటీ, పోర్ట్ అయితే సీఓఏ, సామర్లకోట అయితే ఎస్ఎల్ఓ.

సామర్లకోటలో చాలా రైళ్ళు ఆగేది ఒకటి రెండు నిమిషాలే. బూట్ల సంచులు, బంతుల వలలు, మందుల పెట్టె మోసుకుని 25 మంది దిగాలంటే ముందు స్టేషన్ దాటగానే తలుపు దగ్గరికి చేరాలి. విశాఖ వైపు నుంచి వస్తే పిఠాపురం దాటగానే, రాజమండ్రి వైపు నుంచి వస్తే అనపర్తి దాటగానే. రాత్రి రెండింటికి దిగే జట్టుకి ఇంగ్లీషు, హిందీల్లో ఈ రెండు పేర్లూ ముందే పంపాలి. మేనేజరు ఒక్కడికి పంపితే చాలదు, ఆయన పడుకుంటాడు.

విమానంలో వచ్చేవాళ్ళకి రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం ఉంది. అక్కణ్ణుంచి కాకినాడకి 65 కిలోమీటర్లకి పైనే, రెండు గంటలు వేసుకోవాలి. ఇక్కడ ఇంకో గందరగోళం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక తూర్పు గోదావరి జిల్లా కేంద్రం రాజమహేంద్రవరం అయింది, కాకినాడ వేరే జిల్లా అయింది. పాత లెటర్‌హెడ్‌లో 'తూర్పు గోదావరి జిల్లా' అని ఉంటే, అది చూసి రాజమండ్రిలో గదులు తీసుకునే తల్లిదండ్రులుంటారు. చిరునామాలో 'కాకినాడ జిల్లా' అని స్పష్టంగా రాయండి.

దిగాక చేతికిచ్చే కార్డు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2022 ఖతార్ ప్రపంచ కప్‌లో హయ్యా కార్డు అని ఒకటుండేది. దేశంలోకి రావడానికీ, టికెట్‌తో కలిపి స్టేడియంలోకి పోవడానికీ, మెట్రోలో ఉచితంగా తిరగడానికీ అదే. మన కోనసీమ నుంచి దోహా వెళ్ళి పనిచేస్తున్నవాళ్ళకి అది బాగా తెలుసు. మనకి మెట్రో లేదు కానీ ఆటో ఉంది. అందుకని మేం చేసిన కార్డు ముందువైపు ఆటగాడి పేరు, జట్టు. వెనకవైపు మొత్తం తెలుగులోనే, పెద్ద అక్షరాల్లో. బస ఉన్న మండపం పేరు, దానికి దగ్గర్లోని సెంటరు (భానుగుడి, బాలాజీ చెరువు, మసీదు సెంటర్, సర్పవరం జంక్షన్, జగన్నాథపురం వంతెన, ఏదైతే అది), మా బల్ల ఫోను నంబరు. మణిపూర్ పిల్లాడు నోరు తెరిచి ఏమీ చెప్పనక్కర్లేదు. కార్డు తిప్పి చూపిస్తే "ఎక్కండి బాబూ, తెలుసండి" అంటాడు ఆటో ఆయన. మండపం అసలు పేరు కంటే జనం పిలిచే పేరే రాయాలి. దాత గారి పేరు బోర్డు మీద ఎంత పెద్దగా ఉన్నా ఆటోవాళ్ళకి తెలిసింది ఎదురుగా ఉన్న పెట్రోలు బంకే.

నీళ్ళు, ఐసు, అన్నం

తీరానికి దగ్గరైన ఊళ్ళలో బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పన. స్నానానికి సరే, తాగడానికి పనికిరావు. తాగునీరు మనిషికి రోజుకి 4 లీటర్ల లెక్కన జట్టుకి 100 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు అయిదు. 16 జట్లకి 80, రెండు మైదానాలకి కలిపి ఇంకో 20. మొత్తం 100 క్యాన్లు పొద్దున ఆరింటికల్లా దిగాలి, ఎందుకంటే ఏడున్నర మ్యాచ్ జట్టు ఆరున్నరకి బయల్దేరుతుంది. ఒక్క ప్లాంటు మీదే ఆధారపడితే కరెంటు పోయిన రోజున అందరూ ఇబ్బంది పడతారు. ఇద్దరికి పంచండి.

ఐసు విషయం చాలామందికి తట్టదు. కాకినాడలో ఐసు కొదవ లేదు, చేపల కోసం ఫ్యాక్టరీలున్నాయి. ఆ దిమ్మలు బెణికిన చీలమండకి, ఐసు తొట్టికి భేషుగ్గా పనికొస్తాయి. తాగేదాంట్లో మాత్రం వెయ్యకూడదు, అది చేపలకని చేసిన ఐసు. మైదానం బయట చెరకురసం, నిమ్మరసం బండ్లలో ఏ ఐసు పడుతోందో అడగండి. జట్లకి కడుపులో తేడా చేసేది సాధారణంగా మన కారం అనుకుంటారు కానీ ఎక్కువసార్లు కారణం ఆ గ్లాసే. ఐసు లేకుండా ఇమ్మనమని, లేదా కొబ్బరిబోండం తాగమని మూడు భాషల్లో బోర్డు పెట్టాం.

కారం గురించీ చెప్పాలి. మన వంట మేస్త్రీకి 'కారం తగ్గించండి' అంటే నాలుగు గరిటెలకి మూడు వేస్తాడు. ఆ మాట వదిలేసి, 'పప్పులో, కూరలో అసలు వెయ్యొద్దు, కారప్పొడి, ఆవకాయ, గోంగూర పక్కన గిన్నెల్లో పెట్టండి' అంటే పని జరుగుతుంది. ఈశాన్య రాష్ట్రాల పిల్లలకి ఉడికించిన చేప, ఆకుకూర, అన్నం ఉంటే చాలు. ఉత్తరాది జట్లకి రాత్రిపూట చపాతీ కావాలి. వంద మందికి చపాతీ ఒత్తే మనుషులు అన్నం వండే బృందంలో ఉండరు, విడిగా పెట్టాలి. కేరళ జట్లతో ఏ పేచీ లేదు, కొబ్బరి కనిపిస్తే సర్దుకుంటారు.

మ్యాచ్‌కి మూడు గంటల ముందు అన్నం అయిపోవాలి. ఏడున్నర మ్యాచ్‌కి అది కుదరదు, కాబట్టి అయిదున్నరకి ఇడ్లీ రెండు, అరటిపండు. కర్పూర చక్కెరకేళి అయితే మంచిది, రావులపాలెం మార్కెట్ నుంచి గెలలు నేరుగా తెప్పించుకోవచ్చు. ఒకేసారి పండిన గెలలు కొనకండి. సగం పచ్చివి, సగం దోరవి తీసుకుంటే నాలుగు రోజులు వస్తాయి. కాకినాడ బుట్ట భోజనం మాత్రం ఓడి ఇంటికి వెళ్ళే రోజుకో, విశ్రాంతి రోజుకో దాచండి. అది తిని ఎవడూ పరుగెత్తలేడు. కూర్చోవడమే కష్టం.

పులస అడుగుతారు. టీవీలో చూసి ఉంటారు. గోదారికి ఎర్రనీరు వచ్చే జులై నుంచి సెప్టెంబరు వరకే అది దొరికేది. డిసెంబరులో ఎవరైనా పులస అని వడ్డిస్తే అది వేరే చోటి విలస. డబ్బు పారబొయ్యొద్దని చెప్పడం మా పని.

బస దగ్గర రెండే మాటలు. పదిమందికి ఒక మరుగుదొడ్డి తక్కువ కాకుండా చూడండి, ప్రతి గదికీ దోమతెరలు ఇవ్వండి, కాయిల్స్ పొగకి పిల్లలు దగ్గుతారు. ఇక ఉతికిన జెర్సీలు. చుట్టూ కాలవలు, దాళ్వాకి (రెండో వరి పంటకి) సిద్ధమవుతున్న పొలాలు, రాత్రి మంచు. గాలిలో అంత తేమ ఉంటే ఆరుబయట వేసిన బట్ట తెల్లారేసరికి ఇంకా తడిగానే ఉంటుంది. మండపం డైనింగ్ హాల్లో తాళ్ళు కట్టి ఫ్యాన్లు వేస్తే ఆరు గంటల్లో ఆరతాయి. బూట్లలో పాత పేపరు కుక్కాలి. వాటిని ఎండలో, పొయ్యి దగ్గర పెడితే అడుగు జిగురు ఊడుతుంది.

రెండు గంటలా, పూటా, రోజా

మా బల్ల మీద మొదట పెట్టింది మామూలు పర్యాటక కరపత్రమే. అందులో పాపికొండల దగ్గర్నుంచి అంతర్వేది దాకా వరసగా ఉన్నాయి. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేకపోయింది. ఆటగాడికి కావలసిన ప్రశ్న వేరు: 'పొద్దున మ్యాచ్ అయిపోయింది, స్నానం, భోజనం అయ్యేసరికి ఒంటిగంట, ఏడింటికి టీమ్ మీటింగ్. ఈ మధ్యలో ఎటు పోయి రాగలను?' అందుకని అంతా చింపి, ఊళ్ళనీ గుళ్ళనీ పక్కన పెట్టి, ఖాళీ సమయాన్ని బట్టి బోర్డు మళ్ళీ రాశాం.

రెండు గంటలున్నవాళ్ళకి ఊళ్ళోనే. గాంధీనగర్ పార్కు, బోట్ క్లబ్ చెరువు, జగన్నాథపురం వంతెన మీంచి కాలవలో బోట్లు, మెయిన్ రోడ్డులో గొట్టం కాజా. సముద్రం చూడాలంటే వాకలపూడి వైపు బీచ్, పోను రాను కలిపి రెండు గంటలకి కొంచెం ఎక్కువే. అక్కడ హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటంవల్ల అలలు చిన్నవిగా కనిపిస్తాయి. ఆ ఇసుకదిబ్బ పొడుగు 16 కిలోమీటర్లు, కాకినాడ రేవుకి అదే సహజమైన గోడ. అల చిన్నదని నీళ్ళలోకి దిగనివ్వొద్దు. జట్టు మొత్తానికి ఈత నిషేధమని కోచ్ చేత రాయించుకోవడం ఉత్తమం. ఉప్పాడ వైపు అయితే హోప్ ఐలాండ్ రక్షణ లేదు, సముద్రం రోడ్డునే కోసుకుపోతుంది. తీర రోడ్డు దెబ్బతిన్న రోజుల్లో ఉప్పాడ జమ్దానీ చీరలు చూడాలనుకునే తల్లులని పిఠాపురం మీదుగా పంపాలి.

పూట ఖాళీ ఉన్నవాళ్ళకే అసలైన విందు. అన్నిటికన్నా కుర్రాళ్ళకి నచ్చేది కోరంగి మడ అడవి. తాళ్ళరేవు దారిలో సుమారు 20 కిలోమీటర్లు. అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకి పైన, మనం చూసేది అందులో చెక్కల దారి ఉన్న చిన్న ముక్క. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేర్లు కనిపిస్తాయి. ఉప్పునీటి బురదలో గాలి అందక ఆ చెట్లు వేర్లని బయటపెట్టి ఊపిరి పీలుస్తాయి. నీటిపిల్లులు, చేపలు పట్టే బావురుపిల్లులు ఉన్నాయి కానీ పాతికమంది అరుచుకుంటూ పోతే కొంగ కూడా నిలబడదు.

కోరంగిలో తప్పు జరిగేది పడవ దగ్గర. పోటు ఉన్నప్పుడే పడవ పాయలోకి హాయిగా పోతుంది, పాటు వేళ నీరు తగ్గి బురద తేలుతుంది. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక్కో రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. నిన్న మధ్యాహ్నం రెండింటికి హాయిగా తిరిగొచ్చిన జట్టు మాట విని ఇవాళ రెండింటికి వెళితే సగం సొగసే. నాలుగో రోజుకి అసలు పడవే కదలకపోవచ్చు. అందుకని మా బోర్డు మీద రోజూ చెరిపి రాసే గీత ఇదొక్కటే: 'ఇవాళ పోటు ఎన్నింటికి'. చెక్కల దారి తడిగా ఉంటే జారుతుంది, బూట్లు వేసుకోమనండి, హవాయి చెప్పులొద్దు. సాయంత్రం నాలుగు దాటితే దోమలు. తీసుకెళ్ళిన వ్యాను డ్రైవరుకి తిరిగి బయల్దేరే టైము చెప్పి పంపాలి.

గుళ్ళకి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎక్కువగా తల్లిదండ్రులు. సామర్లకోట కుమారారామం, ద్రాక్షారామం, రెండూ పంచారామాలు. సామర్లకోట శివలింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఉంటుంది, అభిషేకం మేడ మీద. రైలు దిగాల్సిన ఊరు, చూడాల్సిన గుడి ఒకచోటే కాబట్టి తిరుగు ప్రయాణం రోజున చూసుకుంటే ఒక పూట మిగులుతుంది. ద్రాక్షారామం 30 కిలోమీటర్లు. భీమేశ్వరస్వామితోబాటు మాణిక్యాంబ శక్తిపీఠం కూడా అక్కడే. పిఠాపురం పాదగయలో పురుహూతికా దేవి. ఈ గుళ్ళన్నీ మధ్యాహ్నం మూసేస్తారు. పన్నెండింటికి బయల్దేరితే మూసిన తలుపుకి దణ్ణం పెట్టి రావాలి. పొద్దున ఎనిమిదిలోపు, లేదా మధ్యాహ్నం మూడు దాటాక బయల్దేరమని చెబుతాం.

రోజంతా ఖాళీ ఉంటే కోనసీమ. యానాం దాటి ఎదుర్లంక వంతెన మీదుగా గౌతమి గోదావరి దాటితే మురమళ్ళ వీరేశ్వరుడు, తర్వాత అమలాపురం. కాకినాడ నుంచి అమలాపురానికి సుమారు 65 కిలోమీటర్లు, మధ్యలో కొబ్బరితోటల్లో ఒక గంట, ఎక్కడైనా అరిటాకు భోజనం. అయిదింటికి వెనక్కి తిరగాలి; చలికాలం కాలవగట్టు రోడ్ల మీద పొద్దుపోయాక మంచు కమ్ముతుంది, మలుపు కనపడదు. గట్టుకి అటు నీళ్ళే. అంతర్వేది, సఖినేటిపల్లి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) బాగుంటాయి కానీ మర్నాడు మ్యాచ్ ఉన్నవాళ్ళకి కాదు, బస్సులో ఆరేడు గంటలు కూర్చుంటే తొడ కండరాలు పట్టేస్తాయి. పాపికొండలు కూడా అంతే. రాజమండ్రికి వెళ్ళి, అక్కణ్ణుంచి గండిపోచమ్మ దగ్గరికి వెళ్ళి పడవెక్కితే తిరిగొచ్చేది రాత్రికే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పట్నించి నది నీటిమట్టం, లైఫ్ జాకెట్ల మీద పట్టు పెరిగింది, వరద ఉంటే పడవలు ఆపేస్తారు. ఓడిపోయి టికెట్ దొరక్క ఉండిపోయిన జట్టుకైతే చక్కటి యాత్ర.

యానాం గురించి పెద్దవాళ్ళకి ఒక హెచ్చరిక. అది పుదుచ్చేరి కిందున్న ప్రాంతం, 1954 దాకా ఫ్రెంచివాళ్ళది. చూడటానికి నదీతీరం చాలా బాగుంటుంది. అక్కడ మందు చవక అని సీసాలు సంచిలో వేసుకొస్తే దారిలో తనిఖీ ఉంటుంది, కేసు అవుతుంది, పిల్లల జట్టు వ్యాను కూడా ఆగిపోతుంది. ఇక జనవరి మొదటివారంలోనే కోడిపందేల బరులు సిద్ధమవుతుంటాయి. 'ఎక్కడండీ' అని అడిగేవాళ్ళు చాలామంది. చట్టవిరుద్ధమైన దానికి సమాచార బల్ల దారి చూపించదు. అంతకుమించి వాదించలేదు.

సాయంత్రాలు

వినోదానికి మొదట అనుకున్నది వీరనాట్యం, గరగలు (అమ్మవారి కుండలు నెత్తిన పెట్టుకుని ఆడేది), కోలాటం. మూడూ మన గోదావరి వైపు ఆడేవే, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. కానీ మ్యాచ్ విరామంలో పెట్టడం కుదరదు. విరామం 15 నిమిషాలే. డప్పులు లోపలికి రావడానికి నాలుగు, బయటికి పోవడానికి నాలుగు పోతే మిగిలేది ఏడు నిమిషాలు, ఈలోగా సబ్‌స్టిట్యూట్ ఆటగాళ్ళు వార్మప్‌కి చోటు లేక నిలబడతారు. వీరనాట్యంలో నిప్పు ఉంటుంది, నూనె చుక్క పడితే గడ్డి మాడుతుంది. ప్రారంభం రోజున, ఫైనల్ రోజున టచ్‌లైన్‌కి అయిదు మీటర్లు బయట, మ్యాచ్‌కి గంట ముందు పెడితే అందరికీ బాగుంటుంది. గరగలు అమ్మవారివి, కళాకారులు చెప్పులతో తాకనివ్వరు, సెల్ఫీ కోసం నెత్తిన పెట్టుకుంటామంటే ఒప్పుకోరు. ఆ సంగతి ముందే మైకులో చెప్పాలి.

ప్రేక్షకుల్లో ఈలలు, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ప్లాస్టిక్ విజిల్స్, గేటు దగ్గరే తీసేసుకోవాలి. రిఫరీ ఊదాడనుకుని డిఫెండరు ఆగిపోతే గోలు పడుతుంది, ఆ తర్వాత వచ్చే గొడవని సమాచార బల్ల ఆపలేదు. డప్పులకి ఇబ్బంది లేదు.

నిజానికి కుర్రాళ్ళు ప్రతి సాయంత్రం అడిగింది ఒక్కటే, పెద్ద తెర. చలికాలంలో ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం మూడింటి మ్యాచ్ మనకి రాత్రి 8:30, పన్నెండున్నర మ్యాచ్ సాయంత్రం 6. ఆరింటిది తెర మీద వెయ్యొచ్చు, పదిలోపు ముగుస్తుంది. ఎనిమిదిన్నరది రెండో సగం పది దాటుతుంది కాబట్టి మైకు కట్టేసి బొమ్మ మాత్రమే. ఇంటి కనెక్షన్‌తో జనానికి చూపించడం కుదరదు, కేబుల్ ఆపరేటరుతో మాట్లాడి బహిరంగ ప్రదర్శనకి విడిగా అనుమతి తెచ్చుకోవాలి. రాత్రి 11 గంటల మ్యాచ్ అడుగుతారు. పడుకోమనండి.

రోజువారీ టైమ్‌టేబులు వాట్సాప్‌లో పంపడంలో ఒక నియమం చాలా గొడవలు తప్పించింది. ఎన్ని మార్పులున్నా రాత్రి 8 గంటలకి ఒక్కసారే పంపడం, ఆ బొమ్మ మీదే తేదీ, 'రా. 8' అని ముద్రించడం. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి పంపితే పాతదే ఎవరో మళ్ళీ ఫార్వర్డ్ చేస్తారు, జట్టు తప్పు మైదానానికి పోతుంది. అత్యవసరమైతే మేనేజర్లకి ఫోను. బల్ల దగ్గర 108, 112, రైల్వే 139 పెద్దగా రాసి పెట్టాం. కుక్క కరిస్తే నేరుగా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి, ముందు గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగాక.

ఓడినవాళ్ళ టికెట్లు

ఆరో రోజు సాయంత్రానికి ఎనిమిది జట్లు ఇంటికి పోవాలి. ఏ ఎనిమిదో ఆ రోజు దాకా తెలీదు. మా బల్ల దగ్గర ఎక్కువ రద్దీ ఆ రాత్రే. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి లీగ్ దశ అయిన మర్నాటికి అందరూ ముందే టికెట్లు తీసుకోవాలి, గెలిస్తే రద్దు చేసుకోవాలి. రద్దు చార్జీ పోతుందని మేనేజర్లు వెనకాడతారు. తత్కాల్‌లో చూసుకుందాం అంటారు. తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు ఏసీకి 10 గంటలకి, స్లీపరుకి 11 గంటలకి మొదలవుతుంది. ఒక పీఎన్ఆర్ మీద నలుగురే, అంటే 25 మందికి ఏడు టికెట్లు ఒకేసారి కొట్టాలి. పైగా ఆన్‌లైన్ తత్కాల్‌కి ఇప్పుడు ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతా ఉండాలి, ఏడుగురికి ఏడు ఖాతాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేస్తే పైసా రాదు. మామూలు కోటాలో పీఎన్ఆర్‌కి ఆరుగురు, అయిదు టికెట్లతో జట్టు మొత్తం అయిపోతుంది.

టికెట్ తీసేటప్పుడు ఎక్కే స్టేషను సామర్లకోట అని పెట్టే ముందు, కాకినాడ నుంచి నేరుగా రైలు ఉందేమో చూడండి. ఇక్కడే బయల్దేరే బండి అయితే సామాను ఎక్కించడానికి తీరిక దొరుకుతుంది. దారికి పులిహోర కట్టిస్తే రాత్రంతా నిలుస్తుంది, పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. ఆత్రేయపురం పూతరేకులు సంచి అడుగున పెడితే పొడి మిగులుతుంది. తాపేశ్వరం మడతకాజా పాకం కారుతుంది, రెండు కవర్లలో కట్టించి జెర్సీలకి దూరంగా పెట్టమని చెప్పాలి.